దాలయ్య జీపు, పోలారావు ఇంజను

మా వైపు ఊళ్లలో బండి కనబడకముందే అది ఎవరిదో చెప్పేస్తారు. కొబ్బరి తోటల మధ్య రోడ్డు మెలికలు తిరిగి వస్తుంది. బండి కంటే ముందు దాని చప్పుడు వస్తుంది. గ్యాసు బండి, చేపల ఆటో, జీడిపిక్కల లారీ, ఏది వచ్చినా పెరట్లో గిన్నెలు తోముకునే ఆడవాళ్లు తల ఎత్తకుండానే పేరు చెబుతారు. దాలయ్య జీపు చప్పుడు మా ఇంట్లో అందరికంటే ముందు నా భార్య కామాక్షి పట్టేది. "అన్న జలంత్రకోట దాటీసినాడు, సెప్పులేసుకో" అనేది. నేను చెప్పులు వేసుకునేసరికి జీపు వాకిట్లో ఉండేది.

దాలయ్యది కంచిలి దగ్గర పల్లె. మనిషి పొట్టి. స్టీరింగు వెనక కూర్చుంటే ఎదురొచ్చే వాళ్లకు తలకు చుట్టుకున్న తువ్వాలు ఒక్కటే కనబడేది. చిన్నప్పుడు కొబ్బరికాయల లారీ మీద క్లీనరుగా వెళ్లాడు. పెద్దయ్యాక సొంతంగా ఒక పాత డీజిల్ జీపు కొనుక్కున్నాడు. కాయలు, జీడిపిక్కలు, తోట పనికి వెళ్లే కూలీలు, దొరికిందల్లా ఎక్కించేవాడు. తిత్లీ తుఫాను వచ్చిన రాత్రి తోటలు నేలకు ఒరిగిపోయాయి. మళ్లీ నాటిన మొక్కలు కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. కాయల లోడు లేకపోయేసరికి దాలయ్య కిడ్నీ జబ్బు వాళ్లను డయాలసిస్‌కు తీసుకెళ్లడం మొదలుపెట్టాడు. "మా ఉద్దానంలో ఆ లోడుకి తుఫానొచ్చినా తరుగు లేదు బావా" అనేవాడు. ఆ మాట అంటున్నప్పుడు నవ్వేవాడు కాదు.

నేను అతనికి చుట్టాన్ని కాను. కామాక్షిని చెల్లెమ్మా అని పిలవడం మొదలుపెట్టాడు కనక నేను బావనయ్యాను.

సోంపేటలో మంచాలు ఖాళీ లేక కామాక్షికీ మా వైపు మిగతా రోగులకూ పలాసలో డయాలసిస్ వంతు దొరికింది. వారానికి మూడుసార్లు వెళ్లాలి. ముందు సీటులో మన్మథరావు కూర్చునేవాడు. పెద్ద కొబ్బరి తోట ఉన్న ఆసామి, ఒకప్పుడు సర్పంచి. దాలయ్య వెనక కిటికీ పక్క సీటు కామాక్షిది. వెనక పొడవాటి సీటు పక్క ఊరి ముసలామె అప్పలనరసమ్మకు వదిలేసేవాళ్లం. డయాలసిస్ అయ్యాక ఆవిడ కూర్చోలేకపోయేది, పడుకునే ఇంటికి రావాలి. మిగతా చోట్లలో మనుషులు మారుతూ ఉండేవారు. ఎవరైనా రావడం మానేస్తే ఎందుకని అడిగేవాళ్లం కాదు.

ఆ జీపుకు ఒక నియమం ఉండేది. శవం ఎక్కకూడదు. కొత్తలో ఒకసారి దాలయ్య ఆసుపత్రిలో పోయిన మనిషిని జాలిపడి ఇంటికి చేర్చాడు. తర్వాతి వంతు రోజు ఒక ముసలామెకు సీటు కింద బంతిపూల రెక్కలు కనబడ్డాయి. ఆమె జీపు దిగిపోయింది. ఎంత బతిమాలినా ఎక్కలేదు, ఆ వంతు పోగొట్టుకుంది. ఒంట్లో నీరు చేరి, ఊపిరాడక, మర్నాటికి పోయింది. అప్పటినుంచి దాలయ్య ఎవరినీ అలా తీసుకురాలేదు. ఎవరైనా పోతే టెక్కలి పోలారావుకు ఫోను చేసేవాడు. పోలారావుకు శవాలను ఊళ్లకు చేర్చే వ్యాను ఉంది. అది ముందు వెళ్లేది. దాలయ్య తన మనుషులను ఇళ్ల దగ్గర దింపి, ఖాళీ జీపుతో ఆ వ్యాను వెనకే ఆ ఊరికి వెళ్లి, ఒక మూల నిలబడి వచ్చేవాడు.

ఇంజను పాడైన కథ కొబ్బరికాయల దగ్గర మొదలైంది. ఒక ఎండాకాలం మన్మథరావు తోట పక్కన జీపు ఆగిపోయింది. రేడియేటరు నుంచి ఆవిరి బుసకొడుతోంది. పక్కనే బోరింగు పంపు ఉంది. ఆ నీళ్ల వల్లే జబ్బని కొందరు, కాదని కొందరు, ఎవరికీ తెలియదు. తెలియకపోయినా మేం ఎవరం ఆ నీళ్లు గొంతు దించం. జీపులో పోయడానికీ ఎవరికీ చేయి రాలేదు. మన్మథరావు తోటలో మనిషిని పిలిచి నాలుగు గెలలు దింపించాడు.

"మాకెలాగూ డాక్టరు వద్దన్నాడు. తాగితే గుండాగిపోతాదట. దీనికైనా పొయ్యిరా" అన్నాడు.

అందరూ దిగారు. కాయ కొట్టడం, మూకుడు పట్టడం, పోయడం. పుట్టినప్పటినుంచి ఆ నీళ్లు తాగి పెరిగి, ఇప్పుడు నాలుక తడుపుకోవడానికి కూడా కొలిచి తాగే మనుషులు చుట్టూ నిలబడి, జీపు గటగటా తాగుతుంటే చూశారు. అప్పలనరసమ్మ రేడియేటరు మీద చేయి పెట్టి "తాగు తల్లీ, తాగు" అంది. కామాక్షి అంతలా నవ్వడం నేను చాలాకాలం తర్వాత చూశాను.

అదొక అలవాటైపోయింది. ప్రతిసారీ ఎవరో ఒకరు రెండు కాయలు తెచ్చేవారు. వద్దనడానికి దాలయ్యకు నోరు రాలేదు. "సప్ప నీల్లు కన్నా మంచిదే కదా బావా" అని తనకు తానే చెప్పుకునేవాడు.

రెండేళ్లకు జీపు నూనె తాగడం మొదలుపెట్టింది. వెనక నీలం పొగ. ఎత్తు ఎక్కలేక ఆయాసపడేది. "దీనికీ మన జబ్బే వొచ్చినాది" అని మన్మథరావు వేళాకోళం ఆడేవాడు. ఒక పొద్దున్న జీపు పలాస ఆసుపత్రి గేటు దాకా మమ్మల్ని లాక్కొచ్చి, అక్కడ టకటకా కొట్టుకుని ఆగిపోయింది. మా వాళ్లు లోపల మంచాల మీద ఉండగా నేనూ దాలయ్యా మరో నలుగురూ కలిసి దాన్ని సీతారాం షెడ్డుకు తోసుకెళ్లాం. సీతారాం కాశీబుగ్గలో పేరున్న మెకానిక్కు. హెడ్డు విప్పి చూసి, లోపల వేలు పెట్టి, బయటికి తీసి వాసన చూశాడు.

"ఏటి పోసినావురా దాలయ్యా దీన్లో?"

"నీల్లే."

"ఏ నీల్లు?"

దాలయ్య నా వైపు చూశాడు. నేను షెడ్డు రేకుల వైపు చూశాను.

"కొబ్బరినీల్లు."

సీతారాం పానా కింద పెట్టి స్టూలు మీద కూలబడ్డాడు. "మరి సాయంత్రం టీ ఇచ్చీవోడివి కాదేటి? అరటిపండు పెట్టలేదా? ఇది ఇంజనేట్రా, బెల్లం పాకం పెట్టిన పెనంలాగ ఉంది. నీల్లు తిరిగే దారులన్నీ మూసుకుపోనాయి. ఏడి ఎక్కీసి పిస్టన్లు గీసుకుపోనాయి." నవ్వుతూ దాలయ్య ముఖం చూసి ఆపేశాడు.

"బాగవదా?"

"ఎందుకవదు? సిలిండర్లు గీయించి బోరింగ్ సేయించాల. పిస్టన్లు, రింగులు కొత్తవి ఎయ్యాల. బ్లాకు విశాఖపట్నం అంపితే అక్కడ లేత్ కాడ వరసలో ఉంతాది. నెలనుకో. అయితే నీ ఇంజను నీకుంతాది, మల్లీ పదేల్లు సూడక్కర్లేదు."

"నెల్రోజులే!"

"లేదంతే ఇంజనే మార్సీ. నా ఎరికలో పాతదొకటుంది. రెండ్రోజుల్లో దించి ఎక్కించీగలను."

"ఎవులది?"

సీతారాం గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన చేతులనే మళ్లీ తుడిచాడు. "టెక్కలి పోలారావుది. వ్యాను బాడీ తుప్పట్టి రాలిపోతంది, తీసీత్తన్నాడు. ఇంజను మాత్రం నిరుడే నా సేతుల్తో బాగుసేసినాను. నీదీ అదే కంపినీ, అదే సైజు."

దాలయ్య తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి దులిపి మళ్లీ చుట్టుకున్నాడు. తర్వాత ఫోను తీసి, తెలిసిన జీపుల వాళ్లందరినీ అడిగాడు. కొందరు జీడిపప్పు ఫ్యాక్టరీ పనివాళ్లకు మాటిచ్చేశారు. మిగతావాళ్లు, దారిలో కక్కుకునే మనుషులను ఎక్కించుకోలేం అన్నారు.

ఆ రోజు ఇంటికి ఆటోలో వచ్చాం. మన్మథరావు వేరే కారు పిలిపించుకున్నాడు. అప్పలనరసమ్మను ఆటోలో పడుకోబెట్టే చోటు లేదు. ఆవిడ తలను కామాక్షి ఒళ్లో పెట్టుకుంది. హైవే దిగి గోతుల రోడ్డు మీదికి రాగానే ఆవిడకు వాంతులయ్యాయి, తర్వాత పిలిస్తే పలకడం మానేసింది. తోటల మధ్య ఆటో ఆపి ముఖం మీద నీళ్లు జల్లాం. కళ్లు తెరిచి "ఊరొచ్చీసిందా?" అంది. కామాక్షి చీర తడిసిపోయింది. తన చేతి కట్టు మీద రక్తం ఊరుతున్నా ఆ చేత్తోనే ఆవిడ చెంప పట్టుకుని కూర్చుంది. ఇలాంటి ప్రయాణం ఇంకొకటి ఆ ముసలామె ఒళ్లు తట్టుకోదని అందరికీ అర్థమైంది. ఎల్లుండి మళ్లీ వంతు.

దీపాలు పెట్టే వేళకు దాలయ్య మా ఇంటికి నడిచి వచ్చాడు. అతను నడిచి రావడం అదే మొదటిసారి చూశాను. అరుగు మీద కూర్చుని, జీపు లేకపోయినా తాళం చేతిలో తిప్పుతున్నాడు.

"సెల్లెమ్మ పడుకుందా?"

"పడుకుంది."

"బావా, ఆ ఇంజను సౌండు నాకు తెల్సు. ఎంతమంది ఎనకాల ఎల్లినాను దాన్ని ఇనుకుంటా! ఇప్పుడది నా కాలి కింద మోగాల. నా సంగతొగ్గీ. ఈలకి తెలిత్తే ఎక్కుతారా? బంతిపూల రెక్కలకే దిగిపోయిన మనుసులు. ఒక్క వంతు మానీసినా ఏటవుతాదో నీకూ తెల్సు." గొంతు తగ్గించాడు. "సెప్పకుండా ఎక్కించీమంతావా?"

నేను ఆలోచిస్తుండగానే లోపలి నుంచి కామాక్షి గొంతు వచ్చింది. "అన్నా, నీ గుసగుస కంచిలి దాకా వినపడతాది."

దాలయ్య లేచి నిలబడ్డాడు. కామాక్షి గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది.

"మాకు సెప్పకుండా ఎక్కిత్తావేటి?"

"సెప్తే ఎక్కరమ్మా."

"ఎక్కకపోతే ఇంటికాడ ఊపిరాడక సత్తాం. ఎక్కాలో మానాలో ఎక్కీవోలం మేం కదా తేల్సుకోవాల. ఎల్లి ఒకొక్కలినీ అడుగు. రేపు ఎవులో ఒకలు సెప్తారు, ఇది పోలారావు ఇంజనని. అప్పుడు దిగిపోతే ఇంక ఎప్పుడూ ఎక్కరు."

మర్నాడు పొద్దున్న ఇద్దరం చెరొక సైకిలు ఎక్కి బయల్దేరాం. ముందు మన్మథరావు ఇంటికి. ఆయన మాట పూర్తిగా విననే లేదు.

"ఒరే దాలయ్యా, నా పేణం ఉన్నంతకాలం శవాల బండి ఇంజను మీద కూర్సోను."

"ఇంజను ముందుంతాది బావూ. నువ్వు సీటు మీదే కూర్సుంతావు."

"నోర్ముయ్. నెలైనా సరే, నీ ఇంజనే బాగుసేయించు. అందాక నాను కారు మాటాడుకుంతాను."

"మరి అప్పలనరసమ్మో?"

మన్మథరావు వాకిట్లో కొబ్బరిచెట్టు వైపు చూశాడు. "ఆ కాయలు మొట్టమొదట దింపించినోడ్ని నానే కదరా" అన్నాడు చివరికి, మెల్లగా. "ఆవిడ్ని అడుగు. ఆవిడ ఎలగంతే అలగ. నాను మాత్రం ఎక్కను."

అప్పలనరసమ్మ వసారాలో నులకమంచం మీద ఉంది. ముఖం ఉబ్బి కళ్లు సన్నబడ్డాయి. దాలయ్య నేల మీద కూర్చుని, కొబ్బరినీళ్ల దగ్గర మొదలుపెట్టి అన్నీ చెప్పాడు. ఆవిడ అంతా విని, "ఏ బండి? మా పెద్దోడ్ని తెచ్చిన బండేనా?" అంది.

ఆ సంగతి నేను మర్చిపోయాను. దాలయ్య మర్చిపోలేదు. తల ఊపాడు.

"ఆ దినం వోన. ఏ బండోడూ రానన్నాడు. పోలారావొక్కడే వొచ్చినాడు. బురదలో దిగబడిపోతే, ఆ ఇంజను గోలెట్టి గోలెట్టి బయటికొచ్చినాది. నా కొడుకుని నా ఇంటికి తెచ్చినాది." కాసేపు ఊపిరి తీసుకుంది. "దానికి మా ఇంటి దారి తెల్సు. పెట్టీరా నాయినా."

దాలయ్య ముఖం తువ్వాలులో దాచుకున్నాడు.

"ఒరే, దీనికి మాత్రం కొబ్బరినీల్లు పొయ్యకు" అంది ఆవిడ. "ఇది అలవాటు లేనిది. ఇరేసినాలవుతాది."

మిగతా ఇళ్లలో అడిగినప్పుడు, ముసలామె ఒప్పుకుందా అని ఒక్క ప్రశ్నే వేశారు. దాలయ్య సీతారాంకు ఫోను చేసి "ఎక్కించీ" అన్నాడు. పాత ఇంజనును అమ్మలేదు. ట్రాక్టరు మీద ఇంటికి తెచ్చుకుని పెరట్లో పెట్టి, పైన కొబ్బరాకులు కప్పాడు. ఎప్పటికైనా బోరింగ్ చేయిస్తాననేవాడు.

వంతు రోజు తెల్లవారేసరికి జీపు వచ్చింది. కామాక్షి చెవి ఒగ్గి వింది గానీ చెప్పులేసుకో అనలేదు. అది దాలయ్య చప్పుడు కాదు. వాకిట్లో ఆగినప్పుడు మా ఎదురింటావిడ పరుగున బయటికొచ్చి, మా ఇద్దరినీ చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

దారి పొడుగునా అదే. జీడితోట దగ్గర ఒక ముసలాయన మమ్మల్ని చూడకుండానే తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. తర్వాతి ఊళ్లోకి వెళ్లేసరికి, పక్కవీధిలో రోగి ఉన్న ఇంట్లో ఎవరో ఏడుపు అందుకున్నారు. దాలయ్య బండి ఆపి స్టీరింగు మీద తల ఆన్చేశాడు.

"నా వల్ల కాదు సెల్లెమ్మా. బతికున్నోలని ఏడిపిత్తన్నాను."

"హారను కొట్టన్నా" అంది కామాక్షి. "పోలారావు ఎప్పుడైనా హారను కొట్టినాడా? నువ్వు కొట్టు. బతికున్నోలు ఎల్తన్నారని తెలియాల కదా."

దాలయ్య హారను కొట్టాడు. పొట్టిగా, ఆపి ఆపి, మూడుసార్లు. వీధిలో ఏడుపు ఆగింది. ఆ రోజు నుంచి ప్రతి మలుపులో, ప్రతి ఊరి మొదట్లో అలా కొడుతూనే వెళ్లేవాడు. పిల్లలు వెంటపడి ఆ హారను నోటితో అనేవారు. పలాస చేరేసరికి మా చెవులు దిబ్బడేసేవి. కొన్నాళ్లకు మన్మథరావు కారు మానేసి మళ్లీ ముందు సీటులోకి వచ్చాడు. "కార్లో తిట్టడానికి మనిసి లేడురా" అన్నాడు.

దాలయ్య మాత్రం మారాడు. ఇదివరకు నడుపుతూ వెనక్కి తిరిగి కబుర్లు చెప్పేవాడు. ఇప్పుడు మాట్లాడేవాడు కాదు, ఆ చప్పుడునే వింటున్నట్టు ఉండేవాడు. ఒకరోజు తిరుగు ప్రయాణంలో కామాక్షి కిటికీలోంచి చూస్తూ ఉన్నట్టుండి అంది.

"అన్నా, నన్ను తేవాల్సొచ్చిన్నాడు ఇంకో బండికి ఫోను సెయ్యకు."

"ఏం మాటలమ్మా అయి?"

"ఈ కిటికీ నాకు బాగుంది. హారను మాత్రం కొట్టకు. సెవులు పోతన్నాయి."

మన్మథరావు ఫక్కున నవ్వాడు. దాలయ్య నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

ఆ మరుసటి వానాకాలంలో, పలాసలో, డయాలసిస్ మంచం మీదే కామాక్షి బీపీ పడిపోయింది. వాళ్లు చేయగలిగింది చేశారు. నాకు చెప్పినప్పుడు దాలయ్య నా పక్కనే ఉన్నాడు. ఫోను బయటికి తీశాడు, చూశాడు, జేబులో పెట్టుకున్నాడు. లోపలికి వెళ్లి, అప్పుడే మంచాలు దిగి కట్లు కట్టించుకుంటున్న మా వాళ్ల ముందు నిలబడ్డాడు.

"సెల్లెమ్మని నా జీపులోనే తీసుకెల్తాను. మాటడిగింది. మీకు ఆటో మాటాడతాను."

ఆ గదిలో అందరి ముఖాల్లోనూ భయం కనబడింది. అప్పలనరసమ్మ నర్సు చేయి వదిలించుకుని, గోడ పట్టుకుని బయటికి నడిచింది. జీపు వెనక సీటు చివరికి జరిగి కూర్చుంది. కూర్చోలేని మనిషి కూర్చుంది. "దాని తల ఇలగ నా ఒల్లో పెట్టండి" అంది. "ఆ దినం ఆటోలో నా తల అది పెట్టుకుంది కదా." ఆవిడ వెనక మన్మథరావు వచ్చి ముందు సీటు ఎక్కాడు. మిగతావాళ్లు ఒక్కొక్కరే ఎక్కారు. నేను కిటికీ పక్క సీటులో కూర్చున్నాను.

హైవే దిగి తోటల్లోకి వచ్చాం. మొదటి మలుపు దగ్గర మన్మథరావు అలవాటుగా హారను వైపు చూశాడు. దాలయ్య తల అడ్డంగా ఊపాడు. ఆ ఇంజను చప్పుడు ఒక్కటే ముందు నడిచింది. జీడితోట దగ్గర ఎవరో తలగుడ్డ తీశారు. మేం మా ఊరు చేరేసరికి మా వాకిట్లో జనం నిలబడి ఉన్నారు. వాళ్లకు ఎవరూ ఫోను చేయలేదు.

దాలయ్య ఆ సాయంత్రం వెళ్లిపోతూ నా చేయి పట్టుకున్నాడు. "ఎల్లుండి ఎక్కుతారా బావా? ఇయ్యాల ఆవిడ మీద పేమతో ఎక్కీసినారు. ఎల్లుండి తలిసి భయపడితే?"

ఆ ఎల్లుండి తెల్లవారుజామునే మెలకువ వచ్చింది. అరుగు మీద కూర్చున్నాను. జలంత్రకోట వైపు నుంచి ఇంజను చప్పుడు వచ్చింది. హారను లేదు. మనుషులు ఉంటేనే అతను హారను కొడతాడు. చప్పుడు దగ్గరవుతోంది. అరుగు దిగి వాకిట్లో నిలబడ్డాను. మా ఇంటి మలుపు దగ్గర, పొట్టిగా, ఆపి ఆపి, మూడుసార్లు మోగింది.

జీపు వాకిలి ముందు నెమ్మదించింది. ముందు సీటులో మన్మథరావు. కిటికీ పక్కన అప్పలనరసమ్మ, తల చట్రానికి ఆన్చి.

"సావింటి ముందు హారనేట్రా అని మన్మథరావు ఒకటే గోల" అంది ఆవిడ దాలయ్య వీపు మీద కొడుతూ. "మా ఊరి కాడినుంచీ కొట్టనివ్వలేదు. నానే కొట్టమన్నాను. లేకపోతే నువ్వేటనుకుంతావు?"

దాలయ్య నా వైపు చూడలేదు. రోడ్డు వైపే చూస్తున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"టీ తాగినావా నాయినా?" అంది అప్పలనరసమ్మ.

లేదన్నాను.

"తాగు. మాకెలాగూ కొలతే" అంది. జీపు కదిలింది.